ఇరవై

జీడిపప్పు ధరలు రాసే నల్లబల్ల మీద
పొద్దున్నే తడిగుడ్డ పెట్టాను.
గుండు, బద్ద, ముక్క, అన్నీ పోయాయి
రాత్రి గాలికి తోటలు పోయినట్టే.

కాశీబుగ్గలో మా గోడౌనుకి
మూడు రోజుల్లో పదకొండు లారీలొచ్చాయి.
ట్రస్టు వాళ్ల జాబితా ట్రస్టు వాళ్ల సంచిలో,
ఆఫీసు జాబితా ఆఫీసు బీరువాలో,
కుర్రాళ్ల జాబితా కుర్రాళ్ల ఫోన్లో.
ఆ ఫోన్లో చార్జింగు లేదు.
పేకముక్కల్లా ఎవరి కాగితం వాళ్లు
గుండెకి ఆనించుకున్నారు.

హైవే పక్క ఊళ్లలో రొట్టె ప్యాకెట్లని
మేకలు కూడా వాసన చూసి వదిలేస్తున్నాయి.
లోపలి ఊళ్ల సంగతడిగితే
"వాళ్లకీ ఎవరో ఇచ్చుంటారు లెండి."
ఆ 'ఎవరో' అనే మనిషి కోసం
నేనింకా వెతుకుతున్నాను.

అందుకే ఈ బల్ల.
ఏ లారీ ఎటు, ఏముంది, ఏం లేదు,
రాస్తేనే గేటు తీస్తానన్నాను.
ట్రాక్టరు డిల్లేసు తిట్టుకుంటూ మొదటి వరస రాశాడు.

నాలుగో సాయంత్రం
నేరేడుపుట్టుగ నుంచి ఫోను. సగం గాలి, సగం గొంతు.
"రొట్టెలొద్దు బావూ, రంపాలు పంపండి.
కొబ్బరిసెట్లు అడ్డంగా పడున్నాయి, దారి నేదు.
రేపు ఐదుగురికి డయాలసిస్ వంతు.
టార్పాలిన్లు కూడాను. ఇళ్లు..."
ఇరవై అని వినబడింది.

అంకెలైతే ఎవరైనా దిద్దేస్తారని
అక్షరాల్లో రాయడం
మార్కెట్ యార్డు నేర్పిన జాగ్రత్త.
ఇరవై అని రాశాను. కింద గీత కూడా గీశాను.

రంపాలు వెళ్లాయి. దారి తెరుచుకుంది.
ఐదుగురూ పలాస ఆసుపత్రికి వేళకి చేరారు.
ఆ రాత్రి నాకు నిద్ర పట్టింది.

మర్నాడు ట్రాక్టరు దిగిందామె, బృందావతి.
ఫోన్ చేసింది తనే.
చేతిలో నీలం టార్పాలిన్ ముక్క,
కత్తిపీటతో కోసిన వంకర అంచు.
"అరవై ఇళ్లు బావూ మావి.
ఒక్కోదాన్ని మూడు సేసినాం.
తల కప్పితే కాళ్లు తడిసినాయి.
మరేటి సేస్తాం, ఎవుల్ని ఒగ్గేస్తాం?"

కోపంగా అనలేదు. అనుంటే బాగుండేది.

సుద్దముక్క అడిగి తీసుకుని
బల్లంతా పైనుంచి చదువుకుంది.
మిగతా అక్షరాలేవీ ముట్టుకోలేదు.
'ఇ' ఒక్కటీ బొటనవేలితో తుడిచి
'అ' పెట్టింది.

ఇంజను ఆపకుండానే డిల్లేసు అరిచాడు:
"ఐతే ఇంకా నలభయ్యా, మొత్తం అరవయ్యా?"

ఆమె వెళ్లి ఆ నీలం ముక్క విప్పి
అతని తల మీద కప్పింది.
భుజాలు దాటలేదు.