పదకొండు తాళంచెవులు

నా నడుముకి పదకొండు తాళంచెవులు వేలాడేవి.
అడుగు తీస్తే మోగేవి.
ఆ మోత వినగానే చర్చి ముంగిట్లో పిల్లలు
ఆట ఆపి గోడకి ఆనుకునేవాళ్లు.
దాన్ని భక్తి అనుకున్నాను, ఇరవై రెండేళ్లు.

గంట కొట్టేది నేనే. బల్లలు తుడిచేది నేనే.
కానుకల సంచి విప్పి కువాచా నోట్లు లెక్కపెట్టేది,
జబ్బుపడ్డవాళ్ల గుమ్మాలు తొక్కేది,
ఆఖరికి పాట ఎత్తుకునేది కూడా నేనే,
నా గొంతు ఎండిన ఉసిపా చేప అని తెలిసీ.

కాపరి న్యిరెండాకి పదిహేడు సంఘాలు.
ఈ సరస్సు ఒడ్డుకి ఆయన సైకిలు
రెండు నెలలకోసారి ఇసుకలో ఈడ్చుకుంటూ వచ్చేది.
వచ్చిన ప్రతిసారీ ఒకటే ప్రశ్న:
"మ్సాచీ, నీ వెనక ఎవరున్నారు?"
వెనక్కి తిరిగి చూసేవాణ్ని.
గోడ ఉండేది.

జట్టు కట్టకపోలేదు. కట్టాను.
పేర్లు రాసి, పనులు రాసి, కింద సంతకం పెట్టి,
ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.
ఉసిపా అమ్మే తఫ్వాచీ లెక్కలు చూస్తానంటే
"ముందు చేతుల వాసన పోనీ" అన్నాను.
నత్తి జొండివే గుమ్మం దగ్గర నిలబడతానంటే
నవ్వాను. అదే, ఇప్పటికీ, గొంతుకి అడ్డంపడేది.

వానల్లో మలేరియా పట్టింది.
మొదటి ఆదివారం చర్చి తలుపు తెరుచుకోలేదు.
మామిడిచెట్టు కింద కూర్చున్నారట.
నా మంచం దాకా పాట వచ్చింది,
ఎవరు ఎత్తుకున్నారో గాని, శ్రుతి గంగలో కలిపి.
జ్వరం పడుకోబెట్టిన నన్ను
కోపం లేపి కూర్చోబెట్టింది.

న్యగోండ్వే, నా భార్య, గంజి గిన్నె పక్కన పెట్టి
తలగడ కింద చెయ్యి పెట్టింది.
"నువ్వు తలుపు తియ్యకపోతే
దేవుడు బయటే నిలబడతాడా?"
పదకొండూ చితెంజె కొంగున కట్టుకుని వెళ్లిపోయింది.
ఎవరికి ఏది ఇచ్చిందో
ఈ రోజు వరకూ పూర్తిగా చెప్పలేదు.

నాలుగో ఆదివారం కర్ర పట్టుకుని వెళ్లాను.
గంట ఆలస్యంగా మోగింది.
లుసుంగు డప్పు నా పళ్లు కదిలించింది.
కానుకల్లో రెండు వందలు తగ్గితే
తఫ్వాచీ అందరి ముందూ మూడుసార్లు లెక్కపెట్టింది,
సంతలో చేపల కుప్పలు పెట్టినట్టు
నోట్లని కుప్పలు పెట్టి. తగ్గింది తగ్గినట్టే రాసింది.
ఇన్నేళ్లూ నా లెక్క ఎవరూ చూడలేదని
అప్పుడు గుర్తొచ్చింది.

గుమ్మంలో జొండివే.
"మొ... మొ... మొని..."
మాట తెగేదాకా నా చెయ్యి వదల్లేదు.
వెనక జనం ఆగారు. నేనూ ఆగాను.
ఎటూ పోలేక అతని ముఖం చూశాను, మొదటిసారి.
"...రే" అన్నాడు.
ఇంత పొడుగ్గా నన్నెవరూ లోపలికి పిలవలేదు.

పదేళ్ల వయసులో నాన్న
అర్ధరాత్రి దీపప్పడవ పక్కన చూపించాడు:
వలని మోసే రెండు పడవలూ
ఒకదాన్నొకటి విడిచి దూరం జరగాలి.
జరిగితేనే వల నోరు తెరుస్తుంది.
మ్వేరా గాలికి భయపడి దగ్గరగా ఉండిపోతే
తెల్లారి పైకొచ్చేది తడిసిన తాడే.
నీళ్ల మీద ఒక్కసారీ తప్పలేదు ఆ పాఠం.
ఒడ్డెక్కి చెప్పులు విడిచి గుడిలోకి వచ్చేసరికి
ఎక్కడ జారవిడిచానో.

అన్నీ ఇచ్చేశానని అనను.
ఒక చెవి దాచుకున్నాను,
చెదలు తినేసిన పాత పెట్టెది.
అది ఏదీ తెరవదు.
రాత్రిళ్లు జేబులో తడుముకుంటాను.

మొన్న మోత లేకుండా ముంగిట్లోకి నడిచొచ్చాను.
పిల్లలు ఆట ఆపలేదు.
ఒకడు వెనక్కి వెనక్కి పరిగెడుతూ
నా మోకాలికి గుద్దుకుని,
ఎవరో కూడా చూడకుండా,
నన్ను చుట్టుకుని మళ్లీ పరిగెత్తాడు.