పొర

రాత్రి పదకొండున్నర.
ఏడురోడ్ల కాడ జనం పలచబడినారు.
సహకార బ్యాంకు మేడమీద, వెనక గదిలో
ఏసీ కార్చే నీళ్లకు ఎవరో పెట్టిన పెయింటు డబ్బా
నిండుతా ఉంది.

ఈ పాత యూనిక్స్ పెట్టె మాట మీద నిలబడే రకం.
రెండు గిగాబైట్లు దాటిన ఫైలు మొయ్యనంటే మొయ్యదు.
మూడుసార్లు ఎగుమతి మొదలుపెట్టినాను,
మూడుసార్లూ అదే గీత కాడ కూలబడింది.
ఫైలు మరీ పెద్దది, అంటాది. అంతే,
ఇంకో మాట లేదు.

జిల్లా పంట అప్పులన్నీ ఒకే మూట:
పులివెందుల చీనీ తోటలు, మైదుకూరు పసుపు,
జమ్మలమడుగు శనగ,
ఎండిన బోరు పక్కన ఇంకో బోరుకు తీసుకున్నది,
దాని పక్కన మూడోదానికి.
పదమూడు గిగాబైట్లు.
తెల్లారేలోపు తిరుపతి చేరాల.

వాచ్‌మన్ కుళ్లాయప్ప టీ తెచ్చినాడు.
ఎర్రగుంట్ల క్వారీలో ఇరవై ఏండ్లు బండలు చీల్చి
ఆ దుమ్ము రొమ్ములో పెట్టుకొని వచ్చినవాడు.
"ఏం కొడతాండావు సామీ, ఇంతసేపు?"
పెద్ద బండ ఉండాది, చిన్నవి చెయ్యాల అన్నాను.
"పొర యాడుందో చూసినావా?
కొలత పెట్టి కొడితే పగులుతాది.
పొర చూసి కొడితే విడిపోతాది."

నేను నవ్వి, కొలతే పెట్టినాను.

ముందు ఒక గొట్టం. దానికి పేరుంటాది, పొట్ట ఉండదు.
ఒక్క చుక్కా దాచుకోదు.
కేసీ కాలువ కింది పిల్లకాలువ మాదిరి
అవతల మడవ తిప్పే మనిషి నిలబడితేనే
ఇవతల నీళ్లు కదులుతాయి.
ఈ చివర ఎగుమతి, ఆ చివర స్ప్లిట్.
గిగాబైటుకు ఒక తెంపు.
ముక్కలకు పేర్లు అదే పెట్టుకుంటాది:
ఏఏ, ఏబీ, ఏసీ...
తల మీది ఏసీ మాత్రం
కారుతానే ఉంది.

నిద్ర ఆపుకోను, నాలుగో ముక్క తోక చూసినాను.
దువ్వూరు. రెండెకరాల పది సెంట్లు. ఓబు
ఆ తర్వాత నల్ల డైమండులో ఒక ప్రశ్న గుర్తు.
ఐదో ముక్క తల చూసినాను.
మొదట అదే ప్రశ్న గుర్తు,
దాని వెనక మ్మ,
దాని వెనక బాకీ నలభై రెండు వేలు.

తెలుగు అక్షరానికి మూడు బైట్లు.
రెండు ఇటు పడినాయి, ఒకటి అటు.
నా సమ్మెట ళ నడుమ దిగింది.

ఓబుళమ్మ ఎవరో నాకు తెలీదు.
ఈ యాళకు దువ్వూరులో నిద్రపోతాంటాది.
ఇక్కడ మాత్రం
నాలుగో ముక్కలో అప్పు లేని మనిషి,
ఐదో ముక్కలో మనిషి లేని అప్పు.

కలిపితే అన్నీ సరిపోతాయి, తెలుసు.
వరుస తప్పకుండా క్యాట్‌కు అందిస్తే
బైటు పక్కన బైటు చేరి
ళ మళ్లీ ళ అయితాది.
అయినా వేరే ముక్కల తోకలు చూడబుద్ధి కాలేదు.

నాలుగున్నరకు తిరుపతి నుంచి జైనబీ ఫోను:
"పన్నెండింటికి చెక్‌సమ్ కుదిరింది అన్నా.
ఐదోది సగంలో తెగింది. మళ్లీ పంపు."

టీ గ్లాసులో ఈగ పడింది. తీసి పారేసినాను.
మళ్లీ చూసుకుంటే
నా చేతులు కీబోర్డు మీద లేవు, ఒళ్లో ఉన్నాయి.
ఎంతసేపు ఉన్నాయో చెప్పలేను.
జైనబీ ఇంకోసారి ఫోను చేసింది.

పంపినాను.

కుళ్లాయప్ప డబ్బా ఎత్తి
కిటికీలోంచి కింది వేపమొక్కకు పోసినాడు.
"పగిలిందా, విడిపోయిందా?"
అతుక్కునింది, అన్నాను.
అదేం జవాబో అతనికి అర్థం కాలేదు,
దగ్గు ఆగినాక మళ్లీ అడగలేదు.

బయట ఆళ్లగడ్డకు తొలి బస్సు
హారన్ కొట్టుకుంటా పోయింది.
దువ్వూరులో ఆగుతాది.