ఏమీ పడలేదు

చలి మొదలైతేనే నాకు పని.
వేసవంతా పడవ అడుగున నాచు గీకిన చేతులతో
నవంబరు నుంచి నేను గైడుని.
ఉమ్ అల్ కువైన్ ఖోర్‌లో
ఏ మడచెట్టు వేళ్ళ దగ్గర నీరు ఎప్పుడు తిరుగుతుందో
చెప్పడానికి జీతం.
పడవ కఫీల్‌ది, లైసెన్సు కఫీల్‌ది,
పోటూ పాటూ మాత్రం నా లెక్క.

నిబంధన ఒక్కటే:
డబ్బు కట్టినవాళ్ళ గేలం గైడు పట్టకూడదు.
ఎర కట్టొచ్చు, చిక్కు తియ్యొచ్చు,
‘ఇప్పుడు! ఇప్పుడు లాగండి!’ అని అరవొచ్చు,
పడ్డ చేపకి ఫోటో తీసి
మళ్ళీ నీళ్ళలో దింపొచ్చు.
పూడిమడకలో మా చిన్నాన్న ఎల్లాజీకి ఫోన్లో చెబితే
పట్టి వదిలేస్తారా, అని
చాలాసేపు ఏం మాట్లాడలేదు.
తర్వాత, ఒంట్లో బాగుందా అన్నాడు.

ఆ శుక్రవారం ఒక్కర్తే వచ్చింది. రోవేనా.
అజ్మాన్ ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా,
తెల్ల బూట్లు సంచిలో పెట్టుకుని.
యాభయ్యో పుట్టినరోజుకి
తనకి తనే కొనుక్కున్న నాలుగు గంటల సముద్రం.

మంచులో ఫ్లెమింగోలు ఒంటికాలి మీద
ఇంకా డ్యూటీ దిగనట్టు నిలబడి ఉన్నాయి.
నాలుగుసార్లు విసిరింది. తెలిసిన మణికట్టు.
ఐదోసారి విసిరి, కర్రని గొట్టంలో గుచ్చి
లైఫ్ జాకెట్‌లోకి గడ్డం దించి
నిద్రపోయింది.

లేపాలి.
గంటకింతని కట్టిన మనిషి.
కానీ నోరు కొంచెం తెరుచుకుని
ఎవరి బెల్లుకీ లేవక్కర్లేని నిద్ర అది.
ఇంజను ఆపేశాను.
పాటు నీరే మమ్మల్ని మోసుకుపోయింది.

అప్పుడు వంగింది కర్ర.

లేపాలి, లేపాలి అనుకుంటూనే
పట్టేసుకున్నాను.

వలలో చేపంటే నాకు బరువు. అంతే.
పన్నెండుమందిమి లాగే తాడులో
ఏ చేప ఎవరి చేతికి తెలుస్తుంది?
ఇరవై ఏళ్ళు లక్షల చేపలు లాగాను,
ఒక్కదాన్నీ కలవలేదు.
ఇది దారం చివర ఒక్కతే.
నేను లాగితే తను లాగింది,
నేను ఆగితే తనూ ఆగి
నేనేం చేస్తానో అని చూసింది.
రీలు కీచుమనకుండా బొటనవేలు అదిమిపెట్టి
ఊపిరి కూడా దొంగతనంగా పీల్చాను.

పైకొచ్చింది. వెండి పలక.
ఇక్కడి దొరలు దీన్ని రాణి చేప అంటారు.
మావాళ్ళు తోలు పార అంటారు,
ఉప్పు రాసి ఎండేస్తారు.
రాణీ, అన్నాను తెలుగులో, ఎవరూ లేరు కదా అని.
గేలం తీస్తుంటే
వీపు మీది ముల్లు వేలిలో దిగింది.

అరవలేదు. నీళ్ళలో పట్టుకున్నాను,
మొప్పలు రెండుసార్లు ఆడేదాకా.
వెళ్ళిపోయింది.

చెయ్యి మోచేతిదాకా మంట.
కర్ర ఎక్కడిదక్కడ గుచ్చి, ఏమీ ఎరగనట్టు
నీళ్ళకేసి చూస్తూ కూర్చున్నాను.
ఫ్లెమింగోల అరుపుకి లేచింది.

‘ఏమైనా పడిందా?’

‘ఏమీ పడలేదు, మేడమ్. ఇవాళ నీరు బాగాలేదు.’

నా వేలు చూసింది.
పాదాల దగ్గర రెండు రక్తపు చుక్కలు,
తడి చేతులు, ఎర లేని గేలం చూసింది.
మాట్లాడకుండా ఫ్లాస్కు మూత తిప్పి
నెస్కేఫేకని తెచ్చుకున్న వేడినీళ్ళు కప్పులో పోసి
చన్నీళ్ళు కలిపి, తన వేలు ముంచి చూసి,
నా వేలు అందులో పెట్టింది.
దిగింది ఏ ముల్లో తెలిసినవాళ్ళకే
ఆ వైద్యం తెలుస్తుంది.

‘మా నాన్నకీ అంతే,’ అంది,
‘కొన్నిరోజులు ఏమీ పడేది కాదు.
చెయ్యి వాచిపోయి వచ్చేవాడు.’

నవ్వొచ్చింది నాకు, నొప్పితో పాటే.
ఆమె నవ్వలేదు. వాచీ చూసుకుంది,
ఇంకా గంటన్నర ఉంది అని
కొత్త ఎర తనే కట్టుకుంది.

ఒడ్డున కఫీల్ పుస్తకంలో
ఎడంచేత్తో రాశాను: చేపలు, సున్నా.
ఆ సున్నా కొంచెం వంకరగా వచ్చింది.