రెండు పోట్ల మధ్య

ఏడోవాడివి నువ్వు.
ముందొచ్చిన ఆరుగురూ ఈ గడప మీదే నిలబడి
ఇదే మాట అన్నారు: రాజ్యం నాది, దారి చూపించు.
సరే. ముందు బూట్లు విప్పు.
ఈ ఇసుకలో కిరీటం కన్నా ముందు బూట్లు దిగబడతాయి.

నన్ను టెంపరెన్స్ బ్రెయిడ్ అంటారు.
ఫ్లూక్‌బరాలో రొయ్యలు పట్టుకు బతికే ఇల్లు మాది.
నాలుగు తరాలుగా మోర్‌కామ్ అఖాతం మీద
మనుషుల్ని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి నడిపిస్తున్నాం.
నిన్న కాలు ఆనిన చోట
ఇవాళ కెంట్ నది పడుకుని ఉంటుంది,
రాత్రి ఎప్పుడు ఒత్తిగిల్లిందో తల్లికే తెలియని
పసిబిడ్డలా.

మీ ముత్తాతల ముత్తాత సంగతి నాకూ తెలుసు.
కత్తిపోటు తప్పించుకుని పారిపోతూ
ఎడ్లబండి మీద సింహాసనం ఎక్కించుకుని
సముద్రం పోటు వేళ అడక్కుండా దిగాడు.
ఒక పోటు వదిలిన మనిషిని ఇంకో పోటు పట్టుకుంది.
గుర్రాలు, గద్దె, గద్దె కింద పడుకునే ముసలి కుక్క,
చీకట్లో తనంతట తాను వెలిగే ఆ కత్తి,
అన్నీ ఊబి దాచుకుంది.

నడు. నా అడుగులో అడుగు.
లారెల్ కొమ్మలు పాతానే, వాటి పక్కనే.
పాటలు వద్దు, ఇసుక నాకు వినబడాలి.
మంచులో గుర్రాలు సకిలిస్తాయి, బెదరకు.
ఎవరో వచ్చి మర్యాదగా వేళెంతయిందని అడుగుతారు.
చెప్పకు.
చెబితే, తమకి ఆలస్యమైపోయిందని వాళ్ళకి తెలిసిపోతుంది.

అదిగో.
అమావాస్య వెళ్ళిన రెండోనాడు మాత్రమే
నీళ్ళు ఇంత దూరం వెనక్కి పోతాయి.
ఒక చెయ్యి విరిగింది. ఒళ్ళంతా ఆల్చిప్పలు.
రెక్కలు ఆరబెట్టుకుంటోందే నీటికాకి,
ప్రస్తుతం రాజ్యం దానిది.
అదిలించు, పోతుంది. కూర్చో.
నలభై నిమిషాలు నీ పరిపాలన.

మొదటివాడు కూర్చోగానే ఏడ్చాడు.
రెండోవాడు రుమాలు పరిచి కూర్చున్నాడు.
నాలుగోవాడు
లేవలేదు.
చెయ్యి పట్టుకు లాగాను, రాజుని ముట్టుకుంటావా అన్నాడు.
నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి, నేను వచ్చేశాను.
ఆ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.
నీకెందుకు చెప్పానో తెలీదు.

కత్తా?
ఇంతసేపూ నా చేతిలో ఉన్నది ఊతకర్ర అనుకున్నావా?
మా నాయనమ్మ వలలో పడింది, రొయ్యలతో పాటు.
పిడి ఊడితే వలతాడు చుట్టుకున్నాం.
వెలుగు ఎప్పుడో పోయింది.
కానీ ఊబి మీద ఆనిస్తే సన్నగా మూలుగుతుంది,
పంటినొప్పి దాచుకుంటున్న మనిషిలా.
నా ఎరుకలో దీనికి ఒక్క మెడా తెగలేదు,
లారెల్ కొమ్మలే, లెక్కలేనన్ని.

తీసుకో. నీదే. వంశం విషయంలో అబద్ధమాడను.
నీ చెవులు ఆ పాత నాణేల మీది చెవులే.
అయితే గట్టు ఇంకా మూడు మైళ్ళు.
దారి కత్తికి తెలుసు, కత్తి మాట నాకు తెలుసు,
నీకేమో ఆకలేస్తోంది, మొహం చూస్తే తెలుస్తోంది.

విన్నావా ఆ చప్పుడు?
దూరంగా ఎవరో గుడ్డ చింపుతున్నట్టు?
పోటు బయల్దేరింది.
లే బాబూ, గద్దె దిగు.
కత్తి నీ చేతిలోనే ఉండనీ, మొన ఇసుకకి ఆనించు.
ఇటు... ఇప్పుడు అటు.
ఎటు మూలిగింది?

ఎడమకా?
నాకేమీ వినబడలేదు. ఈ మధ్య ఆ చెవి సరిగ్గా పనిచెయ్యడం లేదు.
ఎడమకేనా, గట్టిగా చెప్పు.
అయితే కుడికి నడు, నేను నీ వెనకే వస్తాను.

ఆ రెక్కల చప్పుడు నీటికాకిది,
మళ్ళీ గద్దెనెక్కినట్టుంది.
వెనక్కి చూడకు.
ఇసుక మీదుంచు చూపు.