వల కన్ను

నర్సాపురంలో మంచు కురవదు.
కురిసినట్టు చెప్పడం మాత్రం
శుక్రవారం రాత్రి షిఫ్టులో నా పని.

ఐసు ఫ్యాక్టరీ, ఉప్పునీళ్ళ తొట్టి పక్కన
రెండు కుర్చీలు, నాకు బోర్లించిన డబ్బా.
రొయ్యల మేత సంచి తిరగేసి గీసిన పటం మీద
ఉత్తరపు సముద్రాలు, అగ్గికొండలు.
సోడా మూతలు మా ఓడలు.
"మీరు దిగిన తీరమంతా తెల్లగా ఉంది" అంటాను.
"ఉప్పుమడిలాగా?" అంటాడు ఫకీర్ వలీ,
పగలు బోటు ఇంజన్లు విప్పేవాడు, ఆటలో గొడ్డలి వీరుడు.
"అలాగే. కానీ కాలికింద కరకరమంటుంది."
"ఉప్పూ అంటుంది కదా."
దానికి నా దగ్గర జవాబు లేదు. నేనూ చూళ్ళేదు.

ఓడిన్ పేరు మొదటిసారి విన్నప్పుడు
పడీ పడీ నవ్వాడు.
"ఓడినోడు దేవుడెలా అయ్యాడెహె!"
ఒక కన్ను బావికిచ్చి తెలివి కొనుక్కున్నాడని చెప్పాను.
"బేరం ఆడలేదా మరి?" అంది సుగుణ, తలెత్తకుండా.

సుగుణ వాచ్‌మన్ కూతురు. లేసు పని.
క్రోషా సూది తిరుగుతూనే ఉంటుంది;
తన వంతు వచ్చినప్పుడే దారం ఒళ్ళో పెట్టి
పాచిక అందుకుంటుంది.
డ్రాగన్ గుహలో ఎంత బంగారం దొరికినా
ఏజెంటు ఇచ్చే రేటుకి మార్చి చెబుతుంది:
"ఇది తొమ్మిదొందల డజన్ల పువ్వులు."

ఆ రాత్రి వాళ్ళ ఓడ మునిగింది.
మునగాలి, పుస్తకంలో అలాగే ఉంది.
కత్తికి పోయినవాళ్ళకి ఓడిన్ చావడి,
విందు, పొద్దుటికి మళ్ళీ లేవడం.
నీళ్ళలో పోయినవాళ్ళకి అది లేదు.
సముద్రం అడుగున రాన్ అని ఒకావిడ
వలేసి లాక్కుంటుంది, అని చదివాను.
చదివాక గుర్తొచ్చింది.

అంతర్వేది మొగ దగ్గర, ఆరేళ్ళ కిందట,
పాటు లాగే వేళ తిరగబడ్డ బోటు.
అందులో సుగుణ తమ్ముడు చిన్నబ్బులు.
తొమ్మిదేళ్ళవాడు, వద్దంటే ఎక్కినవాడు.
నలుగురు దొరికారు.

కంప్రెసరు ఒక్కటే మాట్లాడుతోంది.
ఫకీర్ సోడా మూతని తిప్పి తిప్పి చూస్తున్నాడు
దాని మీద ఏదో రాసున్నట్టు.
పేజీ తిప్పేద్దామనుకున్నాను.

"ఆవిడ వలకి కన్నెంత?" అంది సుగుణ.

పుస్తకంలో ఆవిడ బలం ఉంది, కవచం ఉంది,
ఎన్ని దెబ్బలకి పడుతుందో ఉంది.
రాసినవాళ్ళెవరూ వల అల్లినవాళ్ళు కారేమో,
కన్ను కొలత లేదు.

"లేకపోతే ఎలా?
చీరమేనుకి చీరే వల. పండుగప్పకి వేరు.
పెద్ద కన్నయితే చిన్నవి జారిపోతాయి కదా."
"పోతాయి."
"జారి ఎటు పోతాయి?"

ఆడించేవాడు ఏదో ఒకటి చెప్పి తీరాలి.
ఇరవై ముఖాల పాచిక చేతిలోకి తీసుకుని
"పద్దెనిమిది దాటితే..." అని మొదలుపెట్టి
ఆపేశాను.
"నువ్వే చెప్పు" అన్నాను.

లేసు ఎత్తి ట్యూబులైటుకి ఎదురుగా పట్టింది.
ఒక కన్నులో చూపుడువేలు పెట్టింది. చాల్లేదు.
నాలుగు గొలుసులు విప్పింది,
సోమవారం ఏజెంటుకి ఇవ్వాల్సిన ముక్క అది.
మళ్ళీ వేలు, పక్కన ఇంకో వేలు.

"రెండు వేళ్ళు" అంది.
కాసేపాగి, "ఆవిడ వేళ్ళు. మనవి కాదు."

నాలుగున్నరకి లారీ వచ్చింది.
దిమ్మలు క్రషర్లోకి తోస్తుంటే తెల్లటి పొడి లేచి
ఫకీర్ మీసం మీద, సుగుణ దారపు బంతి మీద వాలి
దులుపుకునేలోపే నీళ్ళయింది.

పటం మడతపెట్టాక
పుస్తకం అంచులో పెన్సిల్తో రాసుకున్నాను,
వచ్చే శుక్రవారానికి:
రాన్ వల. కన్ను రెండు వేళ్ళు. ఆవిడ వేళ్ళు.
పాచిక అక్కర్లేదు.