రెండో సూది

ఫ్రిజ్జుల పెరుగు గిన్నె ఎనుక
ఇంకో పెన్ను ఉన్నది. పారెయ్యలే.
తేదీ దాటి నాలుగు నెలలైంది.

అది మొదటి మందు.
పదిహేను రోజులకొక్క సూది, తొడకు.
కరెంటు పోతే థర్మాకోలు డబ్బాల మంచుగడ్డలు పోసి
పసిగుడ్డును సాదినట్టు సాదిన.
మూడో సూదికి పిడికిలి మూతవడ్డది.
ఆరో సూదికి, నడుస్తున్న బస్సుల,
సీటు కింద పడ్డ రూపాయి బిళ్ళను
గోటితోని లేపి తీసిన.
డ్రైవర్ సారంగం అద్దంల చూసి
"ఏందక్కా, ఐదు వందల నోటు దొరికిందా, గంత నవ్వుతున్నవ్?" అన్నడు.
చెప్పలే.
రూపాయే దొరికింది.

తర్వాత దగ్గు.
గూడెప్పాడు కాడ మొదలైతే రేగొండ దాక ఆగకపోయేది.
దుమ్మనుకున్న.
మాపటికి సన్నజ్వరం, ఎండనుకున్న.
క్యాష్ బ్యాగు బెల్టుకు
మొలతోని రెండు కొత్త తూట్లు పొడుచుకున్ననాడు
ఇగ ఏమనుకోవాల్నో తెల్వలే.

డాక్టర్ నస్రీన్ ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు పట్టింది.
పై మూలకు చిన్న మబ్బు.
ఎన్నడో చిన్నప్పుడు లోపల పండుకున్న టీబీనట,
నా సూదే తట్టి లేపిందట.

నా ఒంట్ల కంచె చేను మేస్తుందనే గదా
ఆ కంచెను పండవెట్టిచ్చుకున్న.
కంచె పండుకున్నంక
ఎవల గొడ్లో వచ్చి పడ్డయి.
ఎవలను తిట్టాలె?

సూది బందు. ఆర్నెల్లు గోళీలు.
ఉచ్చ ఎర్రగ, చెమట ఎర్రగ,
ఏడిస్తే కండ్లనీళ్ళు సుత నారింజ రంగు.
రుమాలుకు అంటితే పోలే.
దగ్గు తగ్గుకుంట వచ్చింది,
నొప్పి తన ఇంటికి తాను వచ్చినట్టు వచ్చింది.
నాకంటె ముందే, తెల్లారగట్ల నాలుగింటికి, లేసి కూసునేది.
ఖాకీ అంగీ గుండీలు మా ఆయన పెట్టేది,
ఒకటి కిందిమీద.
డిపోల తేలిక పని ఇచ్చిండ్రు:
చిల్లర లెక్కవెట్టుడు.

గప్పుడే ఒకనాడు రాత్రి
ఆ పెన్ను బయటికి తీసిన.
చల్లదనం పోయేదాక ఒళ్ళె పెట్టుకొని కూసున్న.
మూత పీకనీకె వేళ్ళు సహకరించలే.
నా చేతులే నన్ను ఆపినయ్,
ఏ చేతుల కోసమైతే తీసిన్నో ఆ చేతులే.

కొత్త మందు సెలైన్ లెక్క ఎక్కుతది,
నెలకొక్కసారి, గంటంబావు.
హంటర్ రోడ్డు దవాఖానల నర్సు రజియా
నరం దొరకక మూడు చోట్ల వెతికి
కాగితం చేతికిచ్చింది:
మునుపు వాడిన మందు? రాసిన.
ఎందుకు ఆపినరు?
బెత్తెడు జాగ లేదు అక్కడ.
"మంచిగ పనిచేసింది" అని రాసి,
రజియా మొఖం చూసి, కొట్టేసి,
"టీబీ" అని రాసిన.

ఇది మూడో నెల.
ఎక్కిననాడు తలనొప్పి, నోట్ల ఇనుప రుచి.
నెలనెలా రక్తం ఇచ్చి
కాగితం వచ్చేదాక గుండె దడ.
గని నిన్న పరకాల బస్టాండ్ల
నలభై ముగ్గురు ఆడోళ్ళు ఒక్కసారే ఎక్కిండ్రు.
జీరో టికెట్టయినా మీట నొక్కాల్సిందే,
నలభై మూడు సార్లు.
బొటనేలు మూలగలే.
ఒక్కసారి మూలిగిందేమో, సరిగ యాదికి లేదు.

"నయమైనట్టేనా అక్కా?" సారంగం అడిగిండు.
రేగొండ దాటినంక చెప్త అన్న.