మునిగి ఉండే గొట్టం

కోత్కాలో మార్చి నెల. రేవు మీద మంచు
పగలాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.
ఇర్మెలి గ్యారేజీ తలుపు బార్లా తీసింది,
చలి కన్నా పెట్రోలు ఆవిరంటేనే భయం.

ముప్పై నాలుగేళ్ల ఎర్ర స్పోర్ట్స్ కారు.
ఎత్తెక్కితే ఆయాసం, మలుపులో దగ్గు.
రెండేళ్లలో కారు కింది పంపు మూడుసార్లు మార్చింది.
మూడుసార్లూ ఓస్మో కొట్టుకెళ్లి
నాసిరకం అంటగట్టావని దులిపేసింది.
అతను రసీదు చింపి ఇచ్చాడు, అంతే.

ట్యాంకు మూత విప్పడం ఇవాళే మొదలు.
లోపల ఇంకో చిన్న పంపు, దాని మెడకి
జానెడు రబ్బరు గొట్టం.
పట్టుకుంటే
నానిన తాండ్రలా చేతికి ఊడొచ్చింది.

ఇన్నాళ్లూ నేల మీద ఒక్క చుక్క లేదు,
వాసన లేదు, మరక లేదు.
కారడం మాత్రం కారింది,
పెట్రోలు పెట్రోల్లోకే.

ముక్కని కాగితంలో చుట్టి
ఓస్మో బల్ల మీద పెట్టింది.
అతను కళ్లద్దాలు నుదుటికి నెట్టి చూశాడు.
"మామూలు గొట్టం లోపల తడిస్తే ఓర్చుకుంటుంది,
ఒళ్లంతా మునిగితే ఉబ్బిపోతుంది.
దీనికి వేరే రకం కావాలి."
కొలవకుండానే కోశాడు.
ధర విని ఆమె నోరెత్తలేదు.
చిల్లర ఏరుకుంటూ "పంపులు మంచివే" అంది,
గోడ మీది క్యాలెండరుతో.

చీకటి పడ్డాక బిగింపులు రెండూ బిగించి
తాళం తిప్పింది.
వెనక సీటు కింద సన్నటి గునుపు, ఆగకుండా.

అరలో పాత పంపులు మూడూ
పక్కపక్కనే ఉన్నాయి.
వాటికి కూడా ఏదో ఒకటి చెప్పాలి.